గుడారం గుమ్మంలో బూట్లు

పులి బారిన పడి బతికి బయటపడ్డవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. నేను మాత్రం పులి రాకుండానే దాని బారిన పడ్డవాణ్ణి. ఎనభైల మొదట్లో కొలరాడో కొండల్లో నేను వెలగబెట్టిన ఒకే ఒక్క నిర్వాకం వల్ల గుడారం కూలింది, పరువు పోయింది, కుదరబోతున్న పెళ్ళి కూడా గంగలో కలవబోయింది. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి.

అప్పట్లో నేను అమెరికాలోనే ట్రాయ్ అనే ఊళ్ళో ఇంజనీర్ని. డెన్వర్‌లో ఉండే జాన్‌బాబు గారి చెల్లెలు సుగుణ ఫోటో చూసినప్పటినుంచి నాకు అన్నం సహించడం మానేసింది. పదేళ్ళుగా అమెరికాలో ఉన్న జాన్‌బాబు గారికి కొండలెక్కడం పిచ్చి. "మీకు అడవులు అలవాటేనా దాసు గారూ?" అని ఫోన్‌లో అడిగితే, "పాపికొండలన్నీ తిరిగినవాణ్ణండీ, అడవంటే నాకు కొట్టినపిండి" అనేశాను. తిరిగిన మాట నిజమే. లాంచీలో, ఒళ్ళో పులిహోర పొట్లం పెట్టుకుని.

"అయితే ఇంకేం! మనిద్దరం ఒక రాత్రి కొండమీద క్యాంప్ చేద్దాం. సోఫాలో కూర్చుంటే అందరూ బుద్ధిమంతులే, మనిషి సంగతి అడవిలో తెలుస్తుంది. పొద్దున సుగుణ టిఫిన్ పట్టుకుని కొండ కిందికి వస్తుంది. పెళ్ళిచూపులు అక్కడే కానిచ్చేద్దాం" అన్నారాయన. పరీక్ష రాసిన చోటే ఫలితం చెప్పేస్తారన్నమాట!

కొండ కింద జాన్‌బాబు గారు కార్‌లోంచి సామాను దించుతుంటే ఫారెస్ట్ ఆఫీసర్ నన్ను నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఇక్కడ మౌంటెన్ లయన్లు, అంటే కొండ పులులున్నాయి. ఎదురైతే పరుగెత్తొద్దు. వంగొద్దు, వంగితే జింకనుకుంటుంది. చేతులెత్తి పెద్దగా కనబడండి. అరవండి. రాళ్ళు విసరండి." ఆ తర్వాత తిండి చెట్టుకి వేలాడదీయమన్నాడు, బూట్ల గురించి కూడా ఏదో చెప్పాడు. నాకు బూట్ల మాట ఎక్కితేగా! నా ప్రాణం లయన్ దగ్గరే ఆగిపోయింది.

"ఏమన్నాడు?" అన్నారు జాన్‌బాబు గారు వచ్చి.

"ఏముందండీ, మామూలే. పులులున్నాయిట" అన్నాను, పాపికొండల వీరుడిలాగే.

సాయంత్రానికి పైకి చేరి గుడారం వేశాం. తిండి సంచి చెట్టుకి కట్టాం. జాన్‌బాబు గారు బూట్లతో లోపలికి దూరబోతుంటే, మా ఊరి చర్చి గుమ్మంలో పెరిగిన నా ప్రాణం చూసి ఊరుకోలేకపోయింది.

"అయ్యో, బూట్లు బయట విప్పండి. లోపల ప్రార్థన చేసుకుంటాం కదా!"

"ఇక్కడ అందరూ లోపలే పెట్టుకుంటారండీ. ఆఫీసర్ ఏమైనా చెప్పాడా?"

"ఏమీ చెప్పలేదండీ. గుడ్డ ఇల్లయినా ఇల్లు ఇల్లే."

ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళలో నాకీ ఆలోచనే రాలేదు. మా సుగుణ అదృష్టవంతురాలు" అన్నారు. నేను పొంగిపోయి, రెండు జతల బూట్లూ గుమ్మంలో ముచ్చటగా పక్కపక్కనే సర్దాను. పెళ్ళి సగం అయిపోయినట్టే అనిపించింది.

ఎప్పుడో నిద్రలో కరకరమని చప్పుడు.

"జాన్‌బాబు గారూ! ఏదో నములుతోంది!"

"మిమ్మల్నా?"

"ఇంకా లేదండీ!"

పెద్దగా కనబడాలన్న మాట ఒక్కటే గుర్తొచ్చింది. రెండు చేతులూ ఎత్తి దిగ్గున లేచి నిలబడ్డాను. ఆ గుడారమేమో పాకేవాళ్ళ కోసం కుట్టినది! కర్రలు విరిగాయి, తాళ్ళు తెగాయి, మొత్తం వచ్చి నా నెత్తిన ముసుగు పడింది. పులికి పెద్దగానే కనబడి ఉంటాను, నాకే ఏమీ కనబడలేదు. "హల్లెలూయా!" అని కొండలు మారుమోగేలా అరిచి, రాళ్ళు లేవు కనుక చేతికి దొరికింది బయటికి విసిరాను. అది మాకున్న ఒక్కగానొక్క టార్చిలైటు.

"ఓరి నీ దుంపతెగ! నా కాలు తొక్కావురా!" అన్నారు జాన్‌బాబు గారు. మర్యాదలన్నీ గుడారంతోపాటే కూలిపోయాయి.

తెల్లారేదాకా ఆ గుడ్డ కిందే కరుచుకుని పడుకుని, వెలుగొచ్చాక తలలు బయటపెట్టాం. పులి లేదు. పది గజాల దూరంలో బొద్దుగా ఒక ముళ్ళపంది కూర్చుని, నా బూటు తాడును సేమియాలాగా లోపలికి లాక్కుంటోంది. చెమట ఉప్పంటే దానికి ప్రాణంట. ఆయన బూట్లకి అడుగులు మాత్రం మిగిలాయి. నావి ఆ భాగ్యానికీ నోచుకోలేదు. ఆఫీసర్ బూట్ల గురించి ఏం చెప్పాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"బూట్లు లోపల పెట్టుకోమన్నాడండీ" అన్నాను మెల్లగా.

ఆయన నావైపు చూసిన చూపు ముందు ఏ మౌంటెన్ లయనూ నిలవదు. "ఈ సంబంధం సంగతి కిందికెళ్ళాక మాట్లాడదాం" అన్నారు.

పెళ్ళిచూపుల కోసం తెచ్చుకున్న కొత్త పంచె చింపి నాలుగు పాదాలకీ చుట్టాను. మూడు మైళ్ళు దిగాలి. ముల్లు తీసుకుందామని వంగితే పులి జింకనుకుంటుందని భయం. అందుకని చేతులు పైకెత్తి, కుంటుకుంటూ దిగాను.

కింద సుగుణ టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఉంది. ఫోటో కంటే బాగుంది, నా ఖర్మ! మా పాదాలు చూసి, "అయ్యో, ఏమైందండీ?" అంది.

జాన్‌బాబు గారు నోరు విప్పేలోగా నేనే అందుకున్నాను. "పులి వచ్చిందండీ. నేనే తరిమేశాను."

"మరి బూట్లు?"

"అదే... వెళ్తూ వెళ్తూ... వేసుకెళ్ళింది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక క్యారియర్ నేలమీద పెట్టేసి కూర్చుండిపోయింది. జాన్‌బాబు గారు పళ్ళు నూరుతూ అసలు సంగతంతా చెప్పేసి, "ఇలాంటివాడికి నిన్నివ్వమంటావా?" అన్నారు.

సుగుణ కళ్ళు తుడుచుకుని, "అన్నయ్యా, ఈయనకి సరిగ్గా అబద్ధమాడడం కూడా రాదు. నాకీయన చాలు" అంది.

ఆ మాటకి నా పాదాల మంటలన్నీ చల్లారిపోయాయి. పెళ్ళికి మా బావగారు పెట్టిన కానుక ఒక జత బూట్లు.

అప్పుడే పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యివేసి ఒట్టేశాను, ఈ జన్మలో మళ్ళీ బూట్లు గుమ్మం బయట విడవనని. నేటికీ ట్రాయ్‌లో మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగితే ముప్ఫై జతలు వరండాలో ఉంటాయి, నాది మాత్రం మంచం కింద ఉంటుంది.

"ఏమండీ, ట్రాయ్‌కి ముళ్ళపంది వస్తుందా?" అంటుంది సుగుణ.

"రాదనే అనుకో. కానీ వచ్చి మళ్ళీ నా పరువు తీస్తే, నవ్వి ఊరుకోవడానికి ఇంకో సుగుణ దొరకొద్దూ?" అంటాను.