కరుణమ్మగారి మోపెడ్

ఈ ఉదయం ఎదురింటాయన పాత మోపెడ్‌ని తొక్కి తొక్కి స్టార్టు చేశాడు. పచ్చి పెట్రోలు వాసన, నల్లటి పొగ కిటికీలోంచి మా వంటింట్లోకి వచ్చాయి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేదు. కరుణమ్మగారు గుర్తొచ్చారు.

ఎనభైలలో సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో నాకు కొత్తగా నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కడ పెద్ద నర్సు కరుణమ్మగారు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినిపించేది. చుట్టుపక్కల ఊళ్ళకి పురుళ్ళు పోయడానికి మోపెడ్ మీద వెళ్ళేవారు. ఆడమనిషి బండి నడుపుతోందని నవ్వినవాళ్ళే, ఇంట్లో నొప్పులు మొదలైతే ఆ బండి చప్పుడు కోసం గుమ్మంలో నిలబడేవారు.

పత్తి తీసే రోజుల్లో ఒకసారి బండి దగ్గుతూ ఆగిపోసాగింది. ఆవిడ ప్లగ్గు విప్పి చూపించారు. "చూడు సుశీలా, నల్లగా తడిసింది. పెట్రోలు ఎక్కువవుతోంది, గాలి చాలట్లేదు." ఫిల్టరు నిండా దుమ్ము, పత్తి నూగు. దాన్ని శుభ్రం చేశాక, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటరు పక్కనున్న చిన్న స్క్రూ చూపించి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు.

"నాకు రాదండీ. మెకానిక్కుకి ఇద్దామండీ."

"మెకానిక్కు టౌన్లో ఉంటాడు. పురుడు పొలంలో వస్తుంది. తిప్పు."

గబుక్కున తిప్పాను. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ ఆగింది. "కొంచెం తిప్పి ఆగవే. అది సర్దుకోవాలి కదా. చప్పుడు విను," అన్నారు. ఎంతసేపటికో చప్పుడు సమంగా సాగింది. అంతసేపూ ఆవిడ చెయ్యి మాత్రం వెయ్యలేదు.

మిరపకోతల్లో ఒక మధ్యాహ్నం ఒక కూలీ పరుగెత్తుకొచ్చాడు. "మా ఆవిడకి పొద్దుట్నుంచీ నొప్పులండీ, బిడ్డ రావట్లేదండీ!" కరుణమ్మగారు జ్వరంతో లేవలేకపోయారు. బండి తాళం నాకిచ్చి, "నువ్వు వెళ్ళు," అన్నారు. నడపడం అప్పటికే ఆవిడ నేర్పారు. నేను ఒక్కదాన్నే పురుడు పోయడం అదే మొదలు.

అతన్ని వెనక ఎక్కించుకుని వెళ్తుంటే కల్లాల మధ్య బండి ఆగిపోయింది. ఊరు ఇంకా చాలా దూరం.

"బండి వదిలేయండమ్మా, నడిచిపోదాం," అన్నాడు.

మిరప ఘాటుకి దగ్గుతూనే ప్లగ్గు విప్పి కొంగుతో తుడిచాను. ఫిల్టరు దులిపాను. తొక్కితే అంటుకుని మళ్ళీ మూలిగింది. స్క్రూ కొంచెం వదులు చేసి ఆగాను. ఆ ఆగడానికి ప్రాణం పోయినంత పనైంది. ఇంజను తేరుకుంది.

ఇల్లు చేరేసరికి బిడ్డ తల బయటపడుతోంది, మెడకి బొడ్డుతాడు చుట్టుకుని ఉంది. తప్పించి బయటికి తీశాను. నీలంగా ఉన్న బిడ్డ నోరు శుభ్రం చేసి వీపు రుద్దితే, కాసేపటికి కేరుమంది.

సాయంత్రం కరుణమ్మగారు మంచం మీంచే అడిగారు. "తల్లి?"

"బాగుందండీ. ఆడపిల్లండీ."

కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తర్వాత నా కొంగు చూసి నవ్వారు. "ఆ మసి ఇక వదలదులే."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేనూ పెద్ద నర్సునయ్యాను. కొత్తగా చేరిన నర్సుపిల్లలు తడబడుతుంటే, "లే, నేను చేస్తా," అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి పక్కన నిలబడేదాన్ని. నా ఉద్యోగం మొత్తంలో అంతకన్నా కష్టమైన పని లేదు. ఆ మధ్యాహ్నం తాళం నా చేతిలో పెట్టినప్పుడు ఆవిడకీ అంతే కష్టమై ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.