రెండు ఎర్ర గీతలు

మా లెక్కల టీచరమ్మ పోయారని సోమవారం పొద్దున కోయిలకుంట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఆ కబురు వినడానికి నేను మిగిలి ఉన్నానంటే అది ఆమె పుణ్యమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడి హాస్టల్ బడిలో పదో తరగతి చదివాను. ఆదివారం కూడా గేటుకు తాళమే. వారం వారం మార్కులు గోడకు అంటించేవారు, నా పేరు ఎప్పుడూ అడుగునే. పక్క మండలంలో ఒక అబ్బాయి ప్రాణం తీసుకున్నాడని, పిల్లలు అలా చేయకుండా మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. మాకెంత ఎక్కిందో చూడటానికి మూడో రోజు పరీక్ష. మా వార్డెన్ సారు ఊరుకుంటారా? జవాబులు బోర్డు మీద రాసి బట్టీ పట్టించారు. 'దిగులేస్తే నమ్మకమైన పెద్దలకు చెప్పవలెను.' అందరికీ ఇరవైకి ఇరవై. నాక్కూడా. ఆ బడిలో నాకు పూర్తి మార్కులొచ్చిన పరీక్ష అదొక్కటే. అప్పటికి నెల రోజులుగా నాకు బతకాలని లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు, టీచరమ్మ కొట్టలేదు. మరునాడు తెల్లకాగితాలు పంచారు.

"మీ పేర్లు వద్దు. బతకబుద్ధి కాకుంటే ఎవురికి చెప్తారో, ఆ మనిషి పేరొక్కటి రాయండి."

మార్జిన్ కొట్టకుండా కాగితం మీద రాయడం మా బడిలో నేరం. అలవాటుగా ఎర్రపెన్నుతో రెండు గీతలు కొట్టాను. తర్వాత పెన్ను కదల్లేదు. ఖాళీ కాగితమే ఇచ్చేశాను.

దిద్దాలని చెప్పి సాయంత్రం అందరి లెక్కల నోట్సులూ తెప్పించుకున్నారు. మార్జిన్‌కు అందరిదీ ఒకే గీత, నావే రెండు. నన్ను పక్కకు పిలిచారు.

"పేరొద్దని చెప్పి నిన్ను ఎతికినా. తప్పే. ఏం చేయాలప్పా, ఈ కాగితం చూసినాక అన్నం సయించలే."

"ఎవురికి చెప్పాల టీచర్? నాయనకు చెప్తే సాకులు చెప్తాండావంటాడు. ఈడ చెప్తే నవ్వుతారు."

"నేను నవ్వను. చెప్పు."

చెప్పాను. మా నాయనను పిలిపించి, ఆయన్నీ నన్నూ కర్నూలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. బడి వదిలేదాకా రోజూ నా చేతిలో గుప్పెడు శెనక్కాయలు పోసి "ఎట్లుండావు?" అనేవారు. బాగున్నానంటే నమ్మేవారు కాదు. "లెక్క రాకుంటే రేపు చేద్దాంలే. నువ్వు మాత్రం రేపు ఉండాల" అనేవారు. పరీక్షలయ్యాక ఆ కాగితం మళ్లీ నా ముందు పెట్టారు. ఆమె పేరే రాశాను.

సమాధి దగ్గర వాళ్లాయన ఆమె బైబిల్లోంచి ఆ కాగితం తీసి నాకిచ్చారు. బస్సులో దారంతా ఆ పేరే చూస్తూ కూర్చున్నాను. ఇక ఆ పేరుకు చెప్పుకోలేను. ఈ మధ్య ఆ పాత దిగులు మళ్లీ వస్తోంది, ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి కొత్త కాగితం మీద రెండు ఎర్ర గీతలు కొట్టి, నా భార్య పేరు రాసి ఆమె చేతికిచ్చాను.

"ఏందిది?" అంటూ పొయ్యి కట్టేసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది.