తక్కెడ బాబాయి

మా బాబాయి ప్రపంచాన్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "ఎన్ని ఎంబీలు?"

చుట్టాలు కొత్తగా పుట్టిన పాప ఫోటో పంపితే ఎవరి పోలికో అడగడు, ఫోటో సైజు అడుగుతాడు. కిందటేడు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. డాక్టరుగారు ఎక్స్‌రేను కంప్యూటర్లో చూపిస్తుంటే, "ఎముక సంగతి తర్వాత చూద్దాం గానీ, ఒక్క కాలికి నలభై ఎంబీలేమిటండీ?" అని ఆయన్నే నిలదీశాడు. మా పిన్ని తల పట్టుకుంది. ఇంటాబయటా అందరూ ఆయన్ను తక్కెడ అని పిలుస్తారంటే పిలవరూ మరి!

ఈ తక్కెడ చేతిలో ఒక ప్రాజెక్టు ఉంది. చవక చెవి మిషన్ల లోపల నడిచే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. పంపినదాన్ని లోపలికి రానివ్వడమా, మానడమా అన్నది మాత్రం బాబాయి ఇష్టం. పదకొండేళ్లుగా గుమ్మంలో నిలబడి తూకం వేస్తూనే ఉన్నాడు. ప్రాజెక్టు మొత్తం పన్నెండు ఎంబీలు దాటకూడదట. పన్నెండే ఎందుకని అడిగితే, "అంతే" అంటాడు.

నేను ఆయన దగ్గర పనిలో చేరి నెల కాలేదు. బ్యాటరీ అయిపోయే ముందు మిషన్ చెవిలో కీచుమని అరిచే లోపం ఒకటి, సరిచేసిన ప్రతిసారీ మళ్లీ తిరిగొస్తోంది. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష రాశాను. ఐదు మోడళ్లకు ముందే తయారుచేసి పెట్టిన ఫర్మ్‌వేర్ ఫైళ్లను కంప్యూటర్లోని ఉత్తుత్తి మిషన్ మీద నడిపి చూడటమన్నమాట. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. ఈలోగా నా పరీక్ష చేరకపోతే ఆ కీచు మళ్లీ ఎవరి చెవిలో పడుతుందోనని నా బెంగ.

"ఎన్ని ఎంబీలు?"

"తొంభై."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పరీక్ష బంగారం. ఫైళ్లు మాత్రం గుమ్మం దాటవు."

"ఈ రోజుల్లో తొంభై ఎంబీలు ఒక లెక్కా బాబాయ్!"

"ఇందులో ఒకసారి పడ్డ ఫైలు, తర్వాత తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుందమ్మా. దించుకున్న ప్రతివాడూ మోయాల్సిందే."

"నీది వట్టి మొండితనం."

"అవును. కాఫీ తాగుతావా?"

గురువారం పొద్దున బాబాయి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లాడు. కంప్యూటర్ తెరిచే ఉంది. నేను కూర్చుని, ఆయన పేరు మీదే, తొంభై ఎంబీలనూ లోపలికి తోసేశాను. దాచడమెందుకు, అప్పుడు చాలా గర్వంగానే ఉంది.

గంటకల్లా ఆయన ఇంట్లో మరిచిపోయిన ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"అన్నయ్యా, ఇవాళేమైంది? మూడుసార్లు సగంలో తెగిపోయింది!" అంది ఎవరో ఆవిడ.

నేను ఆయన అన్నయ్య కూతుర్నని చెప్పి, కంగారుగా వివరాలు అడిగాను. ఆవిడ ఒక దీవిలో మెకానిక్. అక్కడి బడిలో ఇరవై ముగ్గురు పిల్లల చెవి మిషన్లు ఆవిడ చేతిమీదే నడుస్తాయి. ప్రతి విడుదలకూ ముందు ఆవిడ వాటిమీద నడిపి చూసి చెబుతుంది. బడి కంప్యూటర్ ఆపేస్తే అందులో పెట్టినవన్నీ చెరిగిపోతాయి. అందుకని ప్రతిసారీ ప్రాజెక్టంతా కొత్తగా దించుకోవాలి. నెట్ ఇరవై నిమిషాలు ఉంటుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదటినుంచీ.

"ఇరవై నిమిషాల్లో ఎన్ని ఎంబీలు దిగుతాయండీ?" అని అడిగాను.

"పన్నెండు. నేనడక్కుండానే అన్నయ్యే లెక్కగట్టాడు తల్లీ."

బాబాయి తల తడుముకుంటూ వచ్చాడు. జరిగిందంతా చెప్పేశాను. నాలుగు తగిలిస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని, "రా, ఇటు కూర్చో" అన్నాడు.

ఇద్దరం కలిసి ఆ ఫైళ్లను పాత చరిత్రలోంచి కూడా పెకలించాం. వాటిని వేరేచోట పెట్టి, పరీక్ష నడిపేవాళ్లు మాత్రమే దించుకునేలా చేశాం. దిగిన ఫైలు అసలుదేనా అని పోల్చి చూసే ఐదు వరుసలు మాత్రం ప్రాజెక్టులో ఉంచాం. మధ్యాహ్నానికి నా పరీక్ష నడిచింది, మూడో మోడల్లో కీచు దొరికింది. సరిచేశాం. సాయంత్రం ఆవిడ పద్దెనిమిదో నిమిషంలో అంతా దించుకుని, ఇరవై మూడు మిషన్లూ నిక్షేపంలా ఉన్నాయని ఫోన్ చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చరిత్ర మార్చాం కాబట్టి, ఇదివరకు దించుకున్న కాపీలు ఇక దీనితో సరిపోలవు; పనిచేసేవాళ్లందరికీ చెప్పుకోవాలి. బాబాయి అందరికీ మెయిల్ కొట్టాడు: "పెద్ద ఫైళ్లు పొరపాటున నేనే పెట్టాను. క్షమించండి."

ఇక చూడండి, జవాబులు కుప్పలు. "తక్కెడే తూలిందా?" అని ఒకరు. "నా మూడు ఎంబీల బొమ్మను తిప్పికొట్టిన మహానుభావులు తమరేనా?" అని ఇంకొకరు. పిన్ని వాటిని పైకి చదువుతూ పడీపడీ నవ్వింది.

"నేనే చేశానని రాసేస్తాను బాబాయ్."

"ఊరుకోవే. నేను తప్పే చెయ్యననుకుని పదకొండేళ్లుగా అందరూ జడుస్తున్నారు. ఇప్పుడు కాస్త ధైర్యంగా పంపుతారు."

ఆ వారమే ముగ్గురు కొత్తవాళ్లు తమ పని పంపారు. బాబాయి ముగ్గురివీ తిప్పికొట్టాడు. కాకపోతే, ఎలా చిన్నవి చేసుకోవాలో ఒక్కొక్కరికీ రెండేసి పేజీలు రాసి మరీ తిప్పికొట్టాడు.