పిన్ని మీద వేసిన నింద

నా చిన్నప్పుడు కృష్ణానగర్‌లో మా వాటాకీ పక్కింటి పిన్ని వాటాకీ మధ్య ఒక్కటే గోడ ఉండేది. రెండూ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలే. నాన్నా, బాబాయీ షూటింగుల్లో లైట్లు మోసేవాళ్లు. ఎవరింట్లో కూర వండినా రెండిళ్లలోనూ తినేవాళ్లం. ఆదివారం ఆరాధనలో అమ్మా పిన్నీ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు.

మా సంఘం చిన్నది, పట్టింపులు మాత్రం పెద్దవి. మందుబిళ్ల మింగకూడదు. జబ్బు చేస్తే సంఘపెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తారు, అంతే. బాబాయి ఫిల్మ్‌నగర్‌లో సెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు పిన్ని ఆయన్ను ఆసుపత్రిలో చేర్చింది. అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోమన్నారు పెద్దలు. పిన్ని ఒప్పుకోలేదు, సంఘంలోంచి వెళ్లిపోయింది. వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడకూడదన్నది ఇంకో పట్టింపు. పంపు దగ్గర పిన్ని "వందనాలక్కా" అంటే అమ్మ వంచిన తల ఎత్తేది కాదు. ఇంట్లోకొచ్చి ఏడ్చేది. నాకు అమ్మ మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఆ ఎండాకాలం మా చెల్లికి జ్వరం వచ్చింది. దానికప్పుడు మూడేళ్లు. నాన్న ఔట్‌డోర్ షూటింగుకు వెళ్లాడు. పెద్దలు రెండుసార్లు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లికి ఫిట్స్ వచ్చి కళ్లు తేలేసింది. అమ్మ దాన్ని గుండెకు హత్తుకుని "ప్రభువా, ప్రభువా" అంటోంది తప్ప కదలడం లేదు. నేను పరిగెత్తి పిన్ని తలుపు బాదాను.

పిన్ని వచ్చేసరికి అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "లోపలికి రాకు. నా విశ్వాసం పోతే పాప కూడా పోతుంది" అంది. అమ్మ నిజంగానే అలా నమ్మింది. అది మొండితనం కాదు, భయం.

పిన్ని వాదించలేదు. "నువ్వు ఆసుపత్రికి తీసుకురావద్దక్కా. పాపను మంచం మీద పడుకోబెట్టి, అటు తిరిగి ప్రార్థన చేసుకో. నేనే లాక్కుపోయానని చెప్పు. ఎలాగూ బయటికి పోయినదాన్ని, ఆ తప్పు కూడా నా మీదే వెయ్యి" అంది.

అమ్మ చెల్లిని మంచం మీద పెట్టి, గోడవైపు తిరిగి మోకాళ్లూనింది. పిన్ని చెల్లిని భుజాన వేసుకుని సందులోకి పరిగెత్తింది, వెనకాలే నేనూ. ఆటో అతను పాపను చూసి "జల్ది ఎక్కుండ్రమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. చెల్లి బతికింది.

తర్వాతి ఆదివారం అమ్మ అందరి ముందూ లేచి, పిన్ని బలవంతంగా పాపను లాక్కుపోయిందని చెప్పింది. అందరూ అమ్మను ఓదార్చారు. పెద్దాయన పిన్నికి తగిన శిక్ష పడాలని ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఎవరికీ అనుమానం రాకూడదని నేనూ గట్టిగానే అన్నాను.

నెల తిరక్కుండానే పిన్నివాళ్లు టోలిచౌకికి ఇల్లు మారారు. సామాను ఎక్కిస్తున్నంతసేపూ అమ్మ తలుపు వేసుకుని లోపలే ఉంది. పిన్ని నా తల నిమిరి "అమ్మనేమీ అనకు" అని వెళ్లిపోయింది. అమ్మ పోయేదాకా నేనేమీ అనలేదు. పిన్నిని మళ్లీ చూడనూ లేదు.

ఇప్పుడు మా చెల్లికి మనవరాలు కూడా ఉంది. పదిమంది కలిసి ఒక మనిషిని దుమ్మెత్తిపోస్తుంటే నేను అక్కడ కూర్చోలేను, లేచి వచ్చేస్తాను. "మా అమ్మకు ఎంత ధైర్యమో" అంటారు నా గురించి మా పిల్లలు. ధైర్యం కాదది, సిగ్గు. మా చెల్లిని బతికించిన మనిషికి శిక్ష పడాలని నేను ఆమెన్ అన్నాను.