కబ్ద్‌లో చీమల లెక్క

శుక్రవారం పాపతో ఎడారిలో కబ్ద్ అనే చోట ఉన్న ఫామ్‌కి పిక్నిక్‌కి వెళ్లాం. అక్కడ ఒక తెలుగావిడ ప్లాస్టిక్ గ్లాసులను అంచుదాకా ఇసుకలో పాతిపెట్టి, ఏదో పోస్తోంది.

"ఏంటండీ అది?" అని నిలదీశాను.

"సబ్బునీళ్లమ్మా. ఎన్ని రకాల చీమలు పడతాయో చూస్తాను. ఎక్కువ రకాలున్న నేలను దున్నకుండా వదిలేయమని ఫామ్ వాళ్లకి చెబుతాను."

చీమల కోసం ఇంత ఎండలో తిరుగుతారా? నాకు నమ్మకం కలగలేదు; పోసేది ఏ విషమో అనుకున్నాను. పాపను వరండాలో చాప మీద కూర్చోబెట్టి, ఇంట్లోలాగే చుట్టూ చీమల మందు చాక్‌పీసుతో గీత గీసి, ఆవిడ గ్లాసుల మీదే కన్నేసి ఉంచాను.

కాసేపటికి ఆవిడే పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, అది విషం తల్లీ! పాప చెయ్యి చూడు!"

పాప వేళ్లు తెల్లగా ఉన్నాయి, నోటి దాకా వెళ్లాయి. గభాలున పట్టుకున్నాను. ఆవిడ ఇచ్చిన సీసా నీళ్లతోనే కడిగాను, ముందు వాసన చూసి.