ఎవరూ లేని ఊళ్ళో లోటా నీళ్ళు

నా చిన్నప్పుడు, వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసిన తర్వాతి ఎండాకాలంలో, పక్కింటి అక్క నన్నూ నా జతగత్తె కుమ్మరోళ్ళ పిల్లనూ పట్నం చూపిస్తానని తీసుకుపోయింది. పట్నమంటే మరీ పెద్దదేం కాదు, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే కోట ఊరు. మాకు మాత్రం అదే మహాపట్నం. కోట వాకిలి, గాజుల అంగడి, రంగు సోడాలు చూడాలని మా ఆశ. బస్సు అడ్డరోడ్డులో దించింది. కండక్టరు నవ్వుతూ, “ఈపొద్దా పోయేది? ఆడ ఎవుర్ని చూస్తారమ్మా?” అన్నాడు. పల్లెటూరోళ్ళమని వెక్కిరిస్తున్నాడనుకుంది అక్క. “నిన్ను చూసేదానికంటే మేలేలే అన్నా” అనేసి మా చేతులు పట్టుకుని నడిచింది.

కోట వాకిలి దాటేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మొదట మాకేమీ అనిపించలేదు. వీధంతా మాదే అన్నట్టు తిరిగాం. మూసిన అంగళ్ళ అరుగుల మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాం. మంగలి అంగడి బయట వేలాడే అద్దంలో మూతులు తిప్పుకుని చూసుకున్నాం. మా మొహాల వెనకాల, వీధి పొడవంతా ఆ అద్దంలో కనిపించింది. అందులో ఒక్క మనిషి లేడు.

అప్పుడు ఒక్కొక్కటీ కంటబడింది. ప్రతి తలుపుకూ తాళం, తాళం మీద కంపకొమ్మ. పిండి విసురురాళ్ళు బోర్లించి ఉన్నాయి. కుక్క లేదు, కోడి లేదు. అంత ఊరి మీద ఒక్క పొయ్యి పొగ లేదు. మా అడుగుల చప్పుడు గోడలకు తగిలి, వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు వినిపించేది. మేం ఆగితే అదీ ఆగేది.

సొరబుర్రలో తెచ్చుకున్న నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. కుమ్మరోళ్ళ పిల్లకు వడదెబ్బ తగిలింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. బావి ఉంది గానీ చేంతాడు లేదు. పిల్ల ఒక ఇంటి అరుగు మీద వాలిపోయి కళ్ళు తేలేసింది. అక్క దాన్ని ఒళ్ళో వేసుకుని పైటకొంగుతో విసురుతూ ఉంటే, తాళం వేసిన ఆ ఇంటి కిటికీ చువ్వల మధ్యనుంచి ఎండుకట్టెలాంటి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. చేతిలో నీళ్ళ లోటా.

“ఊర్లో ఎవురూ లేరు తల్లీ. నేనూ లేను. పిల్లకు తాపియ్యి” అంది ముసలి గొంతు.

నేను అక్కను వెనక్కి లాగాను. “వద్దక్కా, దయ్యం నీళ్ళు.”

“దయ్యం నీళ్ళైతే ఏమే, నీళ్ళు నీళ్ళే” అని అక్క లోటా అందుకుంది.

లోటా మళ్ళీ మళ్ళీ నిండి వచ్చింది. కొంత తాపించింది, కొంత తల మీద పోసింది. పిల్ల కళ్ళు తెరవగానే చెయ్యి లోపలికి పోయింది. “నడవలేక నిలిచిపోతి. నేనుండానని చెప్పొద్దండి. వాన రాకుంటే అందరూ నా మీదికొస్తారు” అని వినిపించింది. తర్వాత ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

పిల్ల నడవలేక ఆ అరుగు మీదే ఉండిపోయాం. పొద్దు వాలాక ఊరంతా తిరిగి వచ్చింది, సద్దిమూటలతో, గొడ్లతో. వానల కోసం ఆ రోజు ఊరు విడిచి తోపులో ఉండటం వాళ్ళ ఆచారమట. ఊళ్ళో ఒక్క మనిషి మిగిలినా వాన రాదని నమ్మకం. ముందు నడిచే పెద్దాయన పిల్ల తడితల చూసి ఆగాడు.

“ఈ నీళ్ళు యాడివి? ఊర్లో ఎవురన్నా ఉండారా?”

ఆయన వెనక ఊరంతా నిలబడి వింటోంది. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నా భుజం గట్టిగా నొక్కింది.

“మేం తెచ్చుకున్న నీళ్ళే పెద్దాయనా. తెలీక వచ్చినాం. ఈడ ఉన్నింది మేమే. తిడితే మమ్మల్నే తిట్టండి.”

తిట్టారు. “యాడనుంచో వచ్చి మా వాన చెడగొడితిరి కదే” అని ఒకావిడ మట్టి తీసి మా మీద చల్లింది. అక్క తల వంచుకుని నిలబడింది. పెద్దాయన అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు. వీధి ఖాళీ అయ్యాక మొలలోంచి తాళంచెవి తీసి, మేం కూర్చున్న ఆ ఇంటి తలుపే తెరిచాడు. “అమ్మా” అని మెల్లగా పిలిచాడు. లోపలికి పోయేముందు అక్కకు దండం పెట్టాడు.

కాస్త తేరుకున్న పిల్ల అక్క చెయ్యి పట్టుకుని నడిచింది. అడ్డరోడ్డు దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. “తిట్లేం బరువే? బస్సెక్కితే ఈడే ఉండిపోతాయి. ఆయమ్మ ఈ ఊర్లోనే బతకల్ల కదా” అంది అక్క, జుట్టులో మట్టి దులుపుకుంటూ.

ఆ ముసలమ్మ మొహం నేను చూడనే లేదు. ఆ ఏడు అక్కడ వాన పడిందో లేదో కూడా తెలియదు. కానీ నాది కాని తప్పుకు నన్ను ఎవరైనా నాలుగు మాటలంటే, ఇప్పటికీ వెంటనే నోరు తెరవను. ఆ మాటలు నా దగ్గరే ఆగిపోతే వెనక ఎవరైనా బతుకుతారేమోనని ఒక క్షణం చూసుకుంటాను. ఆ ఊరి పేరు మాత్రం నా మనవళ్ళకు కూడా చెప్పలేదు.