'నులి' లోపించిన పురుగుల మందు

నా భార్యకు జ్వరం వచ్చిన మూడో రోజు ఉదయానికే నా నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి. అది కరోనా రెండో విడత. కొండాపూర్ ఫ్లాటులో ఆమె పడకగదిలో, నేను హాల్లో. మధ్య మూసిన తలుపు.

జ్వరానికి పారాసెటమాల్ వేసి, ఆక్సిజన్ చూసుకుంటూ ఉండమని డాక్టరు ఫోనులో చెప్పాడు. "అంతేనా?" అన్నాను. "ఇప్పటికి అంతేనండీ." ముప్పయ్యేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపినవాడిని. దాన్ని వైద్యం అనరు, పెండింగ్ అంటారు.

పిల్లల కడుపులో నులిపురుగులకు వేసే ఒక మాత్ర కరోనాను మొదట్లోనే తుంచేస్తుందని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు ఘోషిస్తోంది. రుజువు లేదని డాక్టరు అప్పటికే అన్నాడు. నేను పేజీ మధ్య గీత గీశాను. అనుకూలంగా తొమ్మిది కారణాలు తేలాయి. వాటిలో ఆరు, ఒకే మెసేజ్‌ను ఆరుగురు పంపినవి. ప్రతికూలంగా ఒక్కటే: "పనిచేస్తుందని తెలియదు." తీర్మానం నెగ్గింది. రోగి అభిప్రాయానికి గడి గీయడం మరిచాను.

మాకు పాలూ మందులూ తలుపు దగ్గర పెట్టి వెళ్లే సెక్యూరిటీ ఆయనకు ఇంటర్‌కమ్ చేశాను. పాలమూరు మనిషి. రెండు మాస్కుల వెనుక నుంచి, తొందరలో, "అర్జెంటుగా పురుగుల మందు తెప్పించు. ఎవరికీ చెప్పకు" అన్నాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఏంది సార్, గట్ల మాట్లాడుతున్నరు? మేడమ్‌కు తగ్గుతది. పరేషాన్ కాకుండ్రి. జర కూసోండ్రి, నేనొస్తున్న."

"నువ్వు రావడమెందుకు? తలుపు దగ్గర పెట్టు. ఆవిడకు నేనే వేస్తాను."

"మేడమ్‌కు గూడానా సార్!"

రెండు నిమిషాల్లో పడకగదిలో ఫోను మోగింది. తలుపు అవతలి నుంచి నా భార్య అడిగింది: "ఏమండీ, పురుగుల మందు నాకా, మీకా?"

'నులి'ని మింగేశానని అప్పుడు తెలిసింది. ఒక్క ఒత్తు పోయినా కిందివాళ్ల డ్రాఫ్టులు తిప్పి పంపినవాడిని! తొమ్మిది కారణాలూ తలుపుకు చదివి వినిపించాను.

"డాక్టరు వేయమన్నాడా?"

"లేదు."

"పోనీ, నన్నడిగారా?"

నేను పేజీ తిప్పాను.

"అయితే ఆ మాత్ర మీ నోటుపుస్తకానికి వేయండి. నాకంటే దానికే ఎక్కువగా ఉంది."

తరువాత దగ్గింది. చాలాసేపు దగ్గింది. ఆ దగ్గును ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

మాత్ర రాలేదు. ఆయాసపడుతూ పైకి వచ్చిన సెక్యూరిటీ ఆయన మా ఇద్దరి గొంతులూ విన్నాకే కిందికి దిగాడు. రెండు రోజులు గంట గంటకూ ఆక్సిజన్ అంకె రాశాను. అయిదో రోజు జ్వరం విడిచింది. తీర్మానాలు రాసే ఎర్ర సిరా కలం తీశాను కానీ, రాయడానికేమీ కనబడలేదు. మూడో రోజే మాత్ర వేసి ఉంటే "మందు పనిచేసింది" అని రాసి, ఆ పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఏడోవాణ్ని అయ్యేవాణ్ని. నీలం సిరాతో "జ్వరం తగ్గింది. కారణం తెలియదు" అని రాశాను.

కోలుకున్నాక ఆమె పుస్తకం మొత్తం తిరగేసింది. "అన్నీ రాశారు, పురుగుల మందు సంగతి తప్ప" అంది.

అందుకే ఇప్పుడు రాశాను.